అల్లుడి తుఫాను

మా ఊళ్లో వరికోత మా చేన్లోనే మొదలవ్వాలి. ఎవరు పెట్టిన ఆచారమో ఎవరికీ తెలియదు. మా ముత్తాత కాలంలో ఆళ్లగడ్డ పక్కన కాలువ కింద మాగాణిలో సగం మాదే కాబట్టి, పెద్ద చేను వాళ్లు ముందు కోయడంలో వింతేమీ లేదు. నేను చెబుతున్న కాలం ఎనభైల మొదట్లో. అప్పటికి ఆ మాగాణిలో మాకు మిగిలింది కాలువ చిట్టచివర ఉన్న నాలుగు మడికట్లు. మిగతాదాంట్లో కొంత సీలింగు చట్టానికి, కొంత కోర్టుకు, కొంత మా తాత ఆతిథ్యానికి పోయింది. వచ్చినవాళ్లందరికీ అడిగినంత పెట్టడం ఆయనకు తెలుసు. ఎక్కడినుంచి పెడుతున్నాడో చూసుకోవడం తెలియదు. అందుకు ఆయన్ను తప్పుపట్టే అర్హత ఆయన పెట్టింది తిన్నవాళ్లకు లేదని నా అభిప్రాయం. తిననివాళ్లు ఈ చుట్టుపక్కల దొరకరు.

అన్నీ పోయినా తొలి కొడవలి మాత్రం మా ఇంట్లోనే ఉంది. కార్తీకంలో మా నాయన తెల్ల తలపాగా చుట్టుకుని, చేలో తూర్పుమొహంగా నిలబడి, ఒక పిడికెడు వరి కోసి, ఉత్తరీయంలో పెట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. మా అమ్మ దాన్ని జడలా అల్లి వాకిలి పైన కట్టేది. ఆ తరువాతే ఊళ్లో మిగతావాళ్లు చేలల్లోకి దిగేవాళ్లు. మూడు రెట్లు, నాలుగు రెట్లు భూమి ఉన్నవాళ్లు కూడా ఆ పిడికెడు కోసం ఆగేవాళ్లు. ఊరు మా ఇంటివైపు చూసే రోజు ఏడాదికి అదొక్కటే. అది పోతే మాకు మిగిలేది ఇంటిపేరు. ఇంటిపేరు అందరికీ ఉంటుంది.

చిక్కు ఎక్కడంటే, కాలువ చివర చేను కాబట్టి నీళ్లు మాకు అందరికన్నా ఆలస్యంగా వస్తాయి. సొంత ఎద్దులు లేవు కాబట్టి అందరి దుక్కులూ అయ్యాక మాకు బాడుగ ఎద్దులు దొరుకుతాయి. అందుకని ఊళ్లో చిట్టచివర నాటు పడేది మాకు, చిట్టచివర పండేదీ మాదే. పైచేలు బంగారంలా పండి గింజ రాలుతుంటే, రైతులు మా పచ్చటి చేను గట్టుమీద నిలబడి ఏమీ అనకుండా చూసి వెళ్లిపోయేవాళ్లు. అడగడం మర్యాద కాదని వాళ్లకు తెలుసు. చెప్పడం మర్యాద కాదని మాకు తెలుసు.

ఆ ఏడు కార్తీకంలో బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందని రేడియోలో చెప్పారు.

డెబ్భైల చివర కోస్తాను ముంచిన తుఫాను తరువాత రేడియోలో ఆ మాట వినబడితే మావాళ్లు కూడా మాటలు ఆపి వినేవాళ్లు. సముద్రం మాకు దూరమే. కానీ నెల్లూరు దగ్గర ఒడ్డెక్కిన తుఫాను నల్లమల దాటి వచ్చిందంటే ఇక్కడ కుందూ పొంగుతుంది. కోసి ఆరబెట్టిన పంట మొలకెత్తుతుంది, కోయని పంట పడుకుంటుంది. కుప్ప వేసిన పంట ఒక్కటే బతుకుతుంది. కాబట్టి వాన వస్తుందా రాదా అన్నది ఎంత ముఖ్యమో, ఎన్ని రోజుల ముందు తెలుస్తుందన్నది అంతకన్నా ముఖ్యం. కోసి కుప్ప వేయడానికి రెండు మూడు రోజులు కావాలి. రేడియో మాత్రం రాయలసీమలో అక్కడక్కడా వానలు పడవచ్చునని చెప్పి పాటలు వేసేది. అక్కడక్కడా అంటే మన ఊరుందా లేదా అని ఒక ముసలాయన రోజూ మా అరుగుమీదికొచ్చి అడిగేవాడు, ఆ వార్తలు మేమే రాసి పంపినట్టు.

ఆ ఆదివారం మా బావ నంద్యాలనుంచి బస్సులో దిగాడు. బావ అంటే మా అక్క మొగుడు, నంద్యాల కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవాడు. మంచివాడు. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుంటాడు గానీ, ఒప్పుకోవడానికి గంటసేపు పాఠం చెబుతాడు. చంకలో ఒక అట్ట పెట్టుకుని వచ్చాడు. దాని మీద బంగాళాఖాతం పటం గీసి ఉంది. రేడియోలో తుఫాను ఏ ఊరికి ఎంత దూరంలో ఉందో చెప్పినప్పుడల్లా ఆ చోట ఒక చింతగింజ పెట్టి, దాని చుట్టూ పెన్సిలుతో గుండ్రంగా గీసేవాడు. రెండు సున్నాలు పడ్డాక స్కేలు పెట్టి గీత గీశాడు. గీత నెల్లూరుకు కొంచెం కింద ఒడ్డెక్కి, నల్లమల దాటి, సరిగ్గా మా ఇంటి పెరట్లోకి వచ్చినట్టు కనిపించింది.

సాయంత్రానికి మా అరుగు నిండిపోయింది. చాలా ఏళ్ల తరువాత అంతమంది మా ఇంటికి వచ్చారని నేను కొంచెం నిటారుగానే కూర్చున్నాను. వాళ్లు వచ్చింది చింతగింజను చూడటానికి అని బావ అనుకున్నాడు. ఎవరి లెక్క వారిది.

విదేశాల్లో వాతావరణం లెక్క కట్టే పెద్ద పెద్ద మిషన్లు వచ్చాయని బావ చెప్పాడు. భూమినీ సముద్రాన్నీ గళ్లుగళ్లుగా విడగొడతారట. ఒక్కో గడిలో గాలి ఎంత, వేడి ఎంత, తేమ ఎంత అని రాసుకుని, ఈ గడిలోది పక్క గడిలోకి ఎంత పోతుందో లెక్క కడతారట. కాసేపటికి ఏమవుతుంది, ఆ తరువాత ఏమవుతుంది అని అలా పది రోజుల దాకా కడతారట. మరి తుఫాను పది రోజుల ముందే తెలుస్తుందా అని ఎవరో అడిగారు. తెలియదని బావ చెప్పాడు. ఒకటి రెండు రోజులైతే గురి బాగానే ఉంటుంది, మూడో రోజుకు ఊరు తప్పుతుంది, వారానికి జిల్లా తప్పుతుంది, రెండు వారాలకు సముద్రం తప్పినా ఆశ్చర్యం లేదన్నాడు. పైగా మన సముద్రం మధ్యలో కొలిచేవాడు లేడు. తుఫాను ఉన్నచోటికి ఓడ పోదు, ఓడ పోని చోట కొలత ఉండదు. పైనుంచి ఫోటోలు తీస్తున్నారు గానీ ఫోటోలో మబ్బు కనిపిస్తుంది, దాని మనసు కనిపించదు.

మా పాత కౌలుదారు ఒకాయన ఉండేవాడు. ఒకప్పుడు మా భూమే చేసేవాడు, అప్పటికి మా భూమే కొనుక్కున్నవాడు. అరుగు కింది మెట్టుమీద కూర్చుని అంతా విని అన్నాడు.

"ఉగాదినాడు పంచాంగమాయన ఏడాది వానంతా ఒక్క పూటలో చెప్తాడు గదప్పా. మీ మిషను మూడు దినాలకే అలిసిపోతాదా?"

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వి, లెక్కలో మొదట్లో ఉన్న చిన్న తప్పు రోజురోజుకూ పెరుగుతుందని, అందుకే దూరం చూసేకొద్దీ మసక అని ఇంగ్లీషు పదాలతో చెప్పబోయాడు. ఎవరి మొహంలోనూ ఏమీ కదల్లేదు. మా నాయన అందుకున్నాడు.

"కాలువ గదప్పా అది. తలకాడ నీళ్లు ఇడిసినారంటే రెండో దినానికి మన తూముకాడికి వస్తాయని నేను చెప్తా. పది దినాలకు ఎన్ని వస్తాయో చెప్పమంటే యాడనుంచి చెప్పేది? నడుమ ఎవుడు గండి కొడతాడో ఆ గండి కొట్టేటోనికే ఇంగా తెలీదు."

కాలువ చివర నలభై ఏళ్లు నీళ్లకోసం ఎదురు చూసినవాడి మాట అది. అరుగు మీదివాళ్లందరికీ ఒక్కసారిగా అర్థమైంది. వాళ్లలో కొందరు గండి కొట్టినవాళ్లు కాబట్టి ఇంకా బాగా అర్థమైంది. బావ మా నాయన మొహం చూసి, ఏడాదంతా తను పిల్లలకు చెప్పేది ఇదే మామా అన్నాడు. ఇప్పుడు తుఫాను వస్తే నా మనవరాలు ఫోన్లో బొమ్మ చూపిస్తుంది. తుఫాను దగ్గర సన్నగా మొదలై, ముందుకు పోయేకొద్దీ గరాటులా వెడల్పయ్యే బొమ్మ. ఈ రోజుల్లో ఆ గరాటు చాలా సన్నబడింది, అప్పట్లో ఒక రోజుకు ఉన్న గురి ఇప్పుడు మూడు రోజులకు ఉందంటారు. ఉండొచ్చు. గండి కొట్టేవాడు మాత్రం ఇంకా దొరకలేదు.

మరునాడు పొద్దున రేడియో మళ్లీ చెప్పింది. చింతగింజ ఒడ్డుకు దగ్గరైంది, గీత మారలేదు. మా పాత కౌలుదారు వచ్చి, చెప్పులు మెట్టు కింద విడిచి నిలబడ్డాడు. వెనక వీధిలో ఊరి రైతులంతా ఉన్నారు. ఏమీ వినని వాళ్లలా మొహాలు పెట్టుకుని వింటున్నారు.

"పెద్దాయనా, మావి పండినాయి. మీది పండలా. నువ్వు కొడవలి ఏస్తే మేము బేగా కోసి కుప్పలేసుకుంటాం. ఎయ్యకపోతే నిలబడి చూస్తాం. అంతే."

ఆ చివరి మాటలో బెదిరింపు ఏమీ లేదు. అదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఈ ఏడు ఆగి పంట పోగొట్టుకుంటే వచ్చే ఏడు ఆగరు. ఎవరూ గొడవ పడరు, ఎవరూ కాదనరు. ఒక తెల్లవారి చూస్తే చేలన్నీ కోసి ఉంటాయి, అంతే. అలాగని పాలు కూడా గట్టిపడని మా పచ్చి చేన్లో కొడవలి వేస్తే అది ఆచారమా, ఆటా? నేను నాయనను లోపలికి పిలిచి అదే చెప్పాను. పండని చేను కోసి తొలి కోత అనిపించుకోవడం కన్నా, మా చేను పండేదాకా ఆగమని గౌరవంగా చెప్పడం మేలన్నాను. రేడియో మాట, స్కేలు గీత నమ్మి వంశాచారం విడవకూడదన్నాను. నాది పంతమే కావచ్చు. ఇప్పటికీ ఆ మాటలో తప్పుందనుకోను.

మా నాయన తలపాగా చుట్టుకుంటూ విన్నాడు.

"ఆగమనేది మన పెద్దతనం గాదురా. వాళ్లు ఆగినారే, అది పెద్దతనం. పోయి కొడవలి తే."

చేలో నిలబడి తూర్పుమొహంగా తిరిగి ఒక పచ్చి పిడికెడు కోశాడు. పాలుకారే కంకుల్ని ఉత్తరీయంలో పెట్టుకుని, బంగారు కంకులు మోసినంత ఠీవిగా ఇంటికి నడిచాడు. మా అమ్మ అల్లబోతే కాడలు మెత్తగా వాలిపోయాయి. ఆమె వాటికి దారం చుట్టి కట్టింది. ఊరు చేలల్లోకి ఉరికింది.

అలాంటి కోత నేను మళ్లీ చూడలేదు. బడిపంతులు కూడా కొడవలి పట్టాడు. గోస్పాడు నుంచి చుట్టాలను బండ్లమీద రప్పించుకున్నవాళ్లు ఉన్నారు. బావ పటం ముందు కూర్చుని గింజలు జరుపుతూ, పని ఎంతవరకు వచ్చిందని అడిగినవాళ్లకు తుఫాను ఎంతవరకు వచ్చిందో చెబుతున్నాడు. కొందరు పూర్తిగా పండనివి కూడా భయానికి కోసేశారు. ఊళ్లో చివరి కుప్పమీద తాటాకు చాప కప్పేసరికి అందరూ నల్లమల వైపు తిరిగి వాన కోసం చూశారు. పిలిచిన చుట్టం కోసం చూసినట్టే చూశారు.

నల్లమల మీద ఒక్క మబ్బు లేదు. తుఫాను ఒడ్డుకు కాస్త దూరంలో ఆగి, ఆలోచించుకుని, ఉత్తరానికి తిరిగి ఎటో బెంగాలు వైపు పోయిందని రేడియో చెప్పింది. బావ గీసిన గీత మా పెరట్లోనే ఉండిపోయింది. రెండు మూడు రోజులు కాసిన ఎండ ఉండాల్సినదానికన్నా శుభ్రంగా ఉంది. బావ పటం చుట్టి చంకలో పెట్టుకుని, మూడో రోజుకు గురి తప్పుతుందని తను ముందే చెప్పానని అందరికీ గుర్తుచేస్తూ బస్సు ఎక్కాడు. అది నిజమే. బస్సు కదిలేదాకా ఎవరూ అది వినిపించుకోలేదు.

తొందరపడి కోసి, ఆరకుండానే కుప్ప వేసిన వడ్లు మిల్లులో పోస్తే బియ్యం సగం నూకలయ్యాయి. ఊరంతా నూకన్నం తిన్నది. దానికి అల్లుడి నూకలని పేరు పెట్టారు. ఎవరింట్లో అన్నం ముద్దైనా, పిల్లవాడు తిననని మారాం చేసినా, "అల్లుని నూకలు గదప్పా, తుఫాను మాదిరి అవి యాడికీ దిగవు" అనేవాళ్లు. మా అక్క సంక్రాంతికి కూడా పుట్టింటికి రానని కబురు పెట్టింది. నేను మాత్రం ఊళ్లో నడుస్తుంటే ఎవరైనా నవ్వుతారేమో అని ముందుగానే మొహం గట్టిగా పెట్టుకుని నడిచేవాణ్ణి. వాళ్లు నవ్వినా కనిపించకుండా ఉండటానికి అది పనికొచ్చింది.

మా చేను ఒక్కటే నిలబడి ఉంది. బాగా పండింది కూడా. ఆగినందుకు మాకే మేలైందని నాలో నేను అనుకున్నాను. కోతకు మనుషుల్ని పిలిచాం. వాళ్లు తెల్లవారి వస్తామన్నారు.

వాళ్లకన్నా ముందు వాన వచ్చింది. రేడియోలో వాయుగుండం లేదు, అల్పపీడనం లేదు. ఎవరూ పేరు పెట్టని వాన. బావ పటం నంద్యాలలో బీరువా మీద ఉంది. ఆగ్నేయంనుంచి వచ్చి రెండు రోజులు వదలకుండా కురిసింది. వాన మొదలై ఊరి దారులు కాలువలయ్యాక, రాయలసీమలో అక్కడక్కడా అని రేడియో అంది. ఊరి పంటంతా కుప్పల్లో, గాదెల్లో భద్రంగా ఉంది. తడిసింది మా నాలుగు మడికట్లు ఒక్కటే. నీళ్లు తీసేసరికి కంకులు బురదలో పడుకుని మొలకలు వేశాయి.

అప్పుడు మొదలైంది అసలు కథ. ఊరు కూర్చుని ఆలోచించుకుంది. వాన వచ్చింది, తమ పంట బతికింది. బతికింది ఎందుకు? ముందే కోశారు కాబట్టి. కోయించింది ఎవరు? మా నాయన. బావ పేరు ఆ లెక్కలోంచి నిమిషంలో ఎగిరిపోయింది. పెద్దాయనకు నెల దినాల ముందే తెలుసు, తుఫాను అనేది వట్టి సాకు, ఊరిని కాపాడటానికి తన పచ్చి చేన్లో కొడవలి వేశాడు అని తేల్చారు. మరి తెలిస్తే తన పంట ఎందుకు పోగొట్టుకున్నాడని ఎవరో అడిగితే, పచ్చి చేను ఏం కోసుకుంటాడు, పాపం తన చేతుల్లో లేదు అని ఇంకొకరు జవాబు చెప్పారు. అడ్డు ప్రశ్నకు అంత త్వరగా జవాబు దొరికాక ఇక ఆ మాట తిరుగులేనిదైంది. అరుగుమీద ముసలాయన రేడియోను అడగడం మానేసి, సరాసరి మా నాయననే అడగడం మొదలుపెట్టాడు.

నాకు బాగానే ఉంది. మూడు తరాల తరువాత మా గడపకు పోయిన వెలుగు తిరిగొచ్చినట్టే ఉంది. మా నాయనకు మాత్రం అది చొక్కాలో చీమలా ఉంది. తనది కానిదాన్ని ఎవరైనా చేతిలో పెడితే ఆయన నిలబడలేడు. వడ్లు మాకు తక్కువైన ఆ చలికాలంలో నాలుగు ఇళ్లనుంచి మూటలు పంపితే తిప్పి పంపించాడు. ఇక జోస్యం పేరు ఎందుకు ఉంచుకుంటాడు? ఒకరోజు అరుగుమీద అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"నాకు తెలీదు. నాకే గాదు, అల్లునికి తెలీదు, రేడియోకి తెలీదు. ఉత్తరానికి పోయిన తుఫానును చూసి కోస్తిమి. అది రాలా. ఇంగోటి వచ్చింది. అంతే."

అందరూ తలలూపారు. కిందికి దిగి వెళ్తూ పెద్దాయన ఎంత అణకువ గలవాడో అని మాట్లాడుకున్నారు.

మరుసటి ఏడు కార్తీకానికి కొంచెం ముందే మా పాత కౌలుదారు మళ్లీ మెట్టు దగ్గర నిలబడ్డాడు. ఊరంతా మాట్లాడుకున్నారట. ఇకమీద ఎవరి చేను ముందు పండితే అక్కడే తొలి కొడవలి. ఇన్నాళ్లూ నేను భయపడింది ఇదే. అయితే ఆయన మాట ఇంకా అయిపోలేదు.

"చేను ఎవురిదైనా గానీ, కొడవలి నీ చేతిలోనే. నువ్వు రాకపోతే ఎవురూ కొయ్యరు."

వేరేవాళ్ల చేన్లో మా కొడవలి ఏమిటని నేను అనబోయాను. మా కొడవలి మా చేన్లో పడితేనే గదా ఆచారం. మా నాయన చెయ్యెత్తి నన్ను ఆపాడు. వాన సంగతి ఎవరూ తనను అడగకూడదన్న ఒక్క షరతు పెట్టాడు. కౌలుదారు సరేనన్నాడు.

ఆ ఏడు ముందు పండింది కౌలుదారు చేనే. అంటే ఒకప్పటి మా చేనే. ఊరంతా గట్లమీద నిలబడింది. మా నాయన తలపాగాతో చేలోకి దిగి, తూర్పుమొహంగా తిరిగాడు. కౌలుదారుకు షరతు గుర్తుంది గానీ ఆగలేకపోయాడు.

"పెద్దాయనా, ఒక్కమాట. వాన వస్తాదా?"

"రెండు దినాలు రాదు. మూడో దినం సంగతి మూడో దినం అడుగు."

అని, మోకాళ్ల నొప్పికి వంగలేక, కొడవలి నా చేతిలో పెట్టాడు. తొలి కొడవలి నా చేతికి వచ్చే రోజును నేను చిన్నప్పటినుంచీ ఊహించుకునేవాణ్ణి. ఆ ఊహలో చేను మాది. నేను నిలబడ్డ చోటునే కాస్త ముందుకు వాలి, కంకుల కింద జానెడు కాడ ఉండేట్టు ఒక పిడికెడు పట్టుకుని ఠీవిగా కోశాను. కౌలుదారు ఆ పిడికెడు వైపు చూసి, మోకాలెత్తు మిగిలిన గడ్డి వైపు చూశాడు.

"ఇంగా కిందికి కొయ్యప్పా. మాకు గడ్డి కూడా కావల్ల."

నడుము వంచి నేలదాకా కోశాను.